ఆదాము ఆచూకీ

పరాయివాణ్ణి శిక్షించడం ఖర్చుతో కూడిన పని. కోర్టు కావాలి, ప్లీడర్లు కావాలి, సాక్షులు కావాలి. పత్రికలవాళ్లు వచ్చి ముందు వరసలో కూర్చుంటారు. సొంతవాణ్ణి శిక్షించడానికి ఒక్క బదిలీ కాగితం చాలు. ఈ సంగతి మన ఆఫీసుల్లో బంట్రోతు దగ్గర్నుంచి కార్యదర్శిగారి దాకా అందరికీ తెలుసు. లెక్కలు సరిగ్గా రాసే గుమాస్తాను సస్పెండు చేస్తే సంఘంవాళ్లు ధర్నాకు దిగుతారు. అదే గుమాస్తాను 'పరిపాలనా కారణాల దృష్ట్యా' రోజుకొక్క బస్సు వెళ్లే ఊరికి పంపితే, ఆ సంఘంవాళ్లే శాలువా కప్పి, మిఠాయి పెట్టి, బస్సెక్కించి వస్తారు. ఈ విద్య మన సొంతమని మనవాళ్లకు లోపల్లోపల గర్వం. పాపం, ఆ గొప్ప మనది కాదు. మన జీవోలు పుట్టకముందే రోము నగరంలో అది ముదిరి పాకాన పడింది. అక్కడ దానికి ఇంకా అందమైన పేరుంది: విధేయత.

ఆ విద్య రోముకు ఎంత బాగా పట్టుబడిందో, ఎంత ఘనంగా బెడిసికొట్టిందో తెలియాలంటే ఒక ఫాదరుగారి కథ వినాలి.

పియెర్ తెయార్ ద షార్దాన్. 1881లో ఫ్రాన్సు నడిబొడ్డున, చల్లారిన అగ్నిపర్వతాల ఓవెర్న్ సీమలో పుట్టాడు. పసితనంలో ఇనుప ముక్కలు పోగేసి దాచుకునేవాడు, లోకంలో చెక్కుచెదరనిది అదొక్కటేననుకుని. ఒకనాడు వాటికి తుప్పు పట్టిందని చూసి ఏడ్చాడు. అప్పట్నుంచి చెక్కుచెదరనిదాని కోసం ఒకటే వెతుకులాట. అది ఆయన్ను ఒకపక్క రాళ్ల దగ్గరకూ ఇంకోపక్క చర్చి దగ్గరకూ లాక్కెళ్లింది. పద్దెనిమిదో ఏట జెస్యూట్ గురువుల సంఘమైన యేసుసభలో చేరాడు. మొండితనంలో ఏ రాయీ రోముకు సాటి రాదని అప్పటికి ఇంకా తెలియదు.

ఆయన తొలి ప్రవాసం చర్చి పుణ్యం కాదు, సర్కారు పుణ్యం. 1901లో ఫ్రెంచి రిపబ్లిక్ మఠాల మీదా సభల మీదా కఠిన చట్టం తెచ్చింది. యేసుసభవాళ్లు పెట్టేబేడా సర్దుకుని ఇంగ్లీషు కాల్వలోని జెర్సీ దీవికి తరలిపోతే కుర్ర తెయార్ కూడా వాళ్లతో వెళ్లాడు. తర్వాత కైరోలో మూడేళ్లు ఫిజిక్సు, కెమిస్ట్రీ పాఠాలు చెప్పాడు. ఇంగ్లండులోని హేస్టింగ్స్‌లో దైవశాస్త్రం చదివి, 1911లో గురుపట్టాభిషేకం పొందాడు. మతం మనిషివని దేశం గెంటింది, కొన్నేళ్లకు సైన్సు మనిషివని మతం గెంటింది. ఎందులోనూ పడని రిపబ్లిక్‌కూ రోముకూ ఈ ఒక్క విషయంలో మాత్రం చక్కగా పొత్తు కుదిరింది.

మధ్యలో మొదటి ప్రపంచయుద్ధం. ఫాదరుగారు తుపాకీ పట్టలేదు, స్ట్రెచర్ పట్టాడు. ఉత్తరాఫ్రికా సైనికుల దళంలో ఉండి, ఫిరంగి గుండ్ల కింద గాయపడ్డవాళ్లను మోసుకొచ్చాడు. పతకాలు వచ్చాయి, లెజియన్ ఆఫ్ ఆనర్ వచ్చింది. జర్మన్ ఫిరంగులు నాలుగేళ్లు ప్రయత్నించి ఆయన్ను ఏమీ చేయలేకపోయాయి. పని పూర్తి చేయడానికి ఒక సొరుగు చాలింది.

సొరుగు సంగతి ఇదీ. 1922లో ఆయన సోర్బాన్‌లో డాక్టరేటు పుచ్చుకుని, పారిస్ కాథలిక్ విద్యాపీఠంలో భూగర్భశాస్త్రం చెబుతున్నాడు. కుర్రాళ్లు ఎగబడి వింటున్నారు. తోటి యేసుసభ గురువు ఒకాయన, జన్మపాపం గురించి మీ ఆలోచన ఏమిటో నాలుగు ముక్కలు రాసివ్వమన్నాడు. తెయార్ రాశాడు. అచ్చుకు కాదు, ప్రసంగానికి కాదు, ఒక స్నేహితుడి చదువు కోసం. మనిషి జంతువుల వంశవృక్షంలోంచి మెల్లగా, గుంపుగా పైకి వచ్చాడని రాళ్లు చెబుతుంటే, ఒక తోటలో ఒక జంట ఒక పండు తిన్నదన్న కథను చరిత్రగా ఎలా పట్టుకుందాం, వేరే తీరుగా అర్థం చేసుకునే దారులేమైనా ఉన్నాయా అని ఆ కాగితాల్లో తర్కించాడు. సొరుగులో దాచిన ఆ కాగితాలకు కాళ్లొచ్చి రోముకు నడిచి వెళ్లాయి. ఎవరు నడిపించారన్నది ఎవరూ విచారించలేదు. దొంగతనం చిన్న పాపం, ఆలోచన పెద్ద పాపం.

ఇక్కడ రోము బాధ కూడా కాస్త ఆలకించాలి. వాళ్ల భయం ఉత్తుత్తి భయం కాదు. ఆదాము లేడంటే మొదటి ముద్దాయి లేడు. మొదటి ముద్దాయి లేకపోతే మనందరి మీదా పెట్టిన కేసు నిలవదు. కేసు నిలవకపోతే విమోచన ఎవరికి, ఎందుకు? ఇంత పెద్ద కచేరీ, ఇన్ని బల్లలు, ఇన్ని ముద్రలు ఏం కావాలి? నిజంగానే గడ్డు ప్రశ్న. గడ్డు ప్రశ్న ఎదురైనప్పుడు తెలివైన సంస్థలు నలుగురు పండితులను కూర్చోబెట్టి చర్చించమంటాయి. అనుభవమున్న సంస్థలు ప్రశ్న అడిగినవాడి ఫైలు తెమ్మంటాయి.

ఆరు వాక్యాల కాగితం ఒకటి ఆయన ముందుకు వచ్చింది, సంతకం పెట్టమని. మానవజాతి మొత్తం ఒక్క ఆదాము సంతానమే అన్న వాక్యం దగ్గర ఆయన గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. నెలల తరబడి ఉత్తరాలు నడిచాయి. చివరికి 1925 జూలైలో సంతకం పెట్టాడు. పాఠాలు బంద్. పారిస్ బంద్. సరుకు సర్దుకోమన్నారు.

సరిగ్గా అదే జూలైలో అట్లాంటిక్‌కు అవతల, టెనెసీ రాష్ట్రంలోని డేటన్ అనే చిన్న ఊళ్లో, పరిణామవాదం బోధించాడన్న నేరానికి జాన్ స్కోప్స్ అనే బడిపంతులును కోర్టుకెక్కించారు. అక్కడ ఎంత సందడి! దేశంలోకెల్లా పేరుమోసిన వకీళ్లు వచ్చి వాదించారు. రేడియోవాళ్లు వచ్చారు, సోడాలు అమ్మేవాళ్లు వచ్చారు, చింపాంజీని కూడా తెచ్చారు. ఇంతా చేసి వేసిన జరిమానా వంద డాలర్లు. స్కోప్స్‌ను చూసి లోకమంతా అయ్యో అంది. తెయార్‌కు వకీలు లేడు, విచారణ లేదు, వాదన లేదు, చింపాంజీ కూడా లేదు. ఒక ఉత్తరం, ఒక కలం. శిక్ష ముప్పై ఏళ్లు, అంటే చచ్చేదాకా. టెనెసీవాళ్లు ఎంతైనా పల్లెటూరి అమాయకులు. నోరు మూయించే పని బహిరంగంగా పెట్టుకున్నారు.

మనం మరీ పగలబడి నవ్వనక్కర్లేదు. కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూసినట్టు చెప్పలేదని మన కేంద్ర మంత్రి ఒకాయన 2018లో సెలవిచ్చారు. మంత్రిగారు చూడనిది జరగలేదనడం చాలా సులువైన శాస్త్రం. 2023 నాటికి ఎన్‌సీఈఆర్‌టీవారు పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి జీవపరిణామాన్ని పీకేశారు, పిల్లలకు భారం తగ్గించడానికట. రోమువారు కనీసం పెద్దవాళ్ల భారమే తగ్గించారు.

సరే, శంకరగిరి మాన్యాలు ఎక్కడ? చైనా. 1923లో ఒకసారి తవ్వకాల కోసం వెళ్లొచ్చిన చోటే. తియెన్‌త్సిన్ నగరంలో లిసాన్ అనే యేసుసభ గురువు ఎముకలతో, రాళ్లతో మ్యూజియం నడుపుతున్నాడు. అక్కడికి పోయి దుమ్ము దులుపుకోమన్నారు. 1926లో ఓడెక్కాడు. ఉత్తర్వు రాసినవాళ్ల లెక్క చాలా శుభ్రంగా ఉంది. పారిస్‌లో ఉంటే కుర్రాళ్లు వింటారు, పత్రికలు రాస్తాయి. చైనాలో ఎవరు వింటారు? మట్టి వింటుంది. పసుపు మట్టి, ఇసుక గాలి, ఒంటెలు. మనిషి పుట్టుక గురించి మాట్లాడే మనిషిని, ఆ మాట ఎవరికీ వినపడని చోటికి పంపేశామని చేతులు దులుపుకున్నారు.

భూగోళం పుస్తకం ఒక్కసారి తెరిచి చూసుకున్నా బాగుండేది.

పెకింగ్‌కు నైరుతిగా యాభై కిలోమీటర్ల దూరంలో జౌకౌదియన్ అనే చోట సున్నపురాయి గుట్ట ఉంది. కెనడా డాక్టరు డేవిడ్‌సన్ బ్లాక్, రాక్‌ఫెల్లర్ డబ్బుతో అక్కడ తవ్వకాలు నడిపిస్తున్నాడు. తెయార్ సలహాదారుగా కుదిరాడు, రాతి పొరలు చదివిపెట్టే పని. 1929 డిసెంబరు 2 సాయంత్రం. ఎముకలు కొరికే చలి. పొద్దు గూకింది. పెయ్ వెన్‌జోంగ్ అనే పాతికేళ్ల చైనా కుర్రాడు నడుముకు తాడు కట్టుకోవాల్సినంత ఇరుకు గోతిలో, ఒక చేత కొవ్వొత్తి, ఒక చేత సుత్తి పట్టుకుని తవ్వుతున్నాడు. సగం ఇసుకలో, సగం గట్టి మట్టిలో ఇరుక్కుని ఒక పుర్రె కనిపించింది. దాన్ని ఊడబెరికి, తడి కాగితాలూ పిండికట్టూ చుట్టి, నిప్పుల దగ్గర ఆరబెట్టి, బొంతల్లో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి పెకింగ్ చేర్చాడు. లక్షల ఏళ్ల నాటి మనిషి. లోకం దానికి పెకింగ్ మానవుడని పేరు పెట్టింది.

ఇప్పుడు పరిపాలనా దక్షత గమనించండి. ఆదాము గురించి అనుమానం వచ్చిందన్న నేరానికి ఒక మనిషిని పట్టుకుని, ఓడ టిక్కెట్టు కొనిచ్చి, ఆదాముకు తాత ముత్తాతలు ఎదురుచూస్తున్న గుమ్మం ముందు దించి వచ్చారు. పారిస్‌లో ఉండి ఉంటే ఆయనకు ఆ పుర్రె సంగతి పేపర్లో తెలిసేది. చైనాలో ఉండబట్టి చేతిలోకి తీసుకుని చూశాడు. ఆచూకీ అడిగినవాడికి జవాబు చెప్పడం ఇష్టంలేక సరాసరి ఇంటికే పంపించిన దయామయులు చరిత్రలో ఇంకెవరున్నారు?

ఒకసారి ఫ్రాన్సుకు వెళ్లినప్పుడు ఆ గుట్టలో దొరికిన కాలిన కొమ్ము ముక్క ఒకటి పట్టుకెళ్లి, ఎక్కడిదో చెప్పకుండా ఆబే బ్రోయ్ చేతిలో పెట్టాడు. బ్రోయ్ గుహాచిత్రాల మహాపండితుడు, ఆయనా గురువే. చూడగానే ఇది నిప్పులో కాల్చింది, పనిముట్టుతో చెక్కింది అన్నాడు. చెక్కినవాడెవడన్నది బ్రోయ్‌కి తర్వాత తెలిసింది. ఇద్దరు కాథలిక్ గురువులు ఒక గదిలో కూర్చుని, జంతువుకూ మనిషికీ మధ్య నిలబడ్డవాడు నిప్పు రాజేశాడా లేదా అని మాట్లాడుకుంటున్నారు. రోములో ఆ పూట కూడా అందరూ నిశ్చింతగా నిద్రపోయి ఉంటారు, తెయార్‌ను పంపేశాం కదా అని.

ఆయనకు రాళ్ల గురించి రాయడానికి అనుమతి ఉంది. ఎన్ని పేజీలైనా. ఎలుక పళ్ల గురించి, ఒండ్రు పొరల గురించి రాశాడు, పేరు తెచ్చుకున్నాడు. గోబీ ఎడారి దాటాడు, సిత్రోయెన్ కంపెనీవాళ్ల మోటారు యాత్రలో మధ్య ఆసియా తిరిగాడు, 1935లో మన కాశ్మీరుకూ నర్మదా లోయకూ వచ్చి రాతి పనిముట్లు ఏరాడు. ఇవన్నీ సమ్మతమే. ఆ రాళ్లను బట్టి మనిషి ఎటు పోతున్నాడో, అందులో దేవుడి పని ఏమిటో ఆలోచించి రాస్తే మాత్రం అచ్చు కాకూడదు. రాయి తవ్వు, రాయి తూచు, రాయికి పేరు పెట్టు, రాయి ఏం చెప్పిందో మాత్రం చెప్పకు.

ఆయన చెప్పకుండా ఉండలేకపోయాడు. 1926, 27ల్లో భక్తి పుస్తకం ఒకటి రాశాడు, అనుమతి రాలేదు. పెకింగ్‌లో జపాను సైన్యం కాపలా కాస్తుండగా 1938 నుంచి 40 దాకా కూర్చుని 'మానవ దృగ్విషయం' అనదగ్గ పెద్ద పుస్తకం రాశాడు. రోముకు పంపాడు. యుద్ధం మధ్య దేశాలు కూలిపోతున్నాయి, కానీ పరిశీలకులు తమ పని మానలేదు. 1944లో జవాబు వచ్చింది: కుదరదు. 1946లో ఫ్రాన్సు చేరాడు. 1948లో స్వయంగా రోము వెళ్లి వినయంగా అడిగాడు. వాళ్ల మనసు కుదుటపడేందుకు పుస్తకం చివర అనుబంధం కూడా రాసిచ్చాడు. కుదరదు. కొలెజ్ ద ఫ్రాన్స్‌లో బ్రోయ్ ఖాళీ చేసిన ఆచార్య పీఠం ఇస్తామంటున్నారు, పుచ్చుకోనా? కుదరదు. 1950లో ఫ్రెంచి సైన్సు అకాడమీ ఆయన్ను సభ్యుడిగా ఎన్నుకుంది. అదే ఏడు ఆగస్టులో పన్నెండో పయస్ పోపుగారు విశ్వలేఖ విడుదల చేసి, మనిషి శరీరం పరిణామంలో వచ్చిందేమో చర్చించుకోండి గానీ ఒక్క ఆదాము కాదంటే ఒప్పుకోం అన్నారు. 1951లో మళ్లీ మూటాముల్లే. ఈసారి న్యూయార్క్.

ఇక్కడ తెయార్‌గారి మీద నాకు చిర్రెత్తుకొస్తుంది. సభ వదిలి బయటికి రమ్మని స్నేహితులు మొత్తుకున్నారు. వస్తే పుస్తకాలు అచ్చవుతాయి, పీఠం దక్కుతుంది. ఆయన రాలేదు. కొట్టేవాడి చెయ్యి నొప్పి పుడుతుందేమోనని కంగారుపడే రకం. ఇచ్చిన మాట తప్పితే తను చెప్పే దేవుడి మాటకు విలువ ఏముంటుందని ఆయన వాదం. ఒప్పుకోవాలనిపించదు, కాదనడానికి నోరూ రాదు. అధికారానికి ఇలాంటివాళ్లంటేనే ప్రాణం. ఎదురుతిరిగేవాడు ఒక్కసారి నొప్పి, విధేయుడు ముప్పై ఏళ్ల సౌకర్యం.

కానీ ఆ విధేయుడు పోతూ పోతూ చిన్న పని చేశాడు. అమెరికా వెళ్లేముందు, 1951లో, తన రాతప్రతులన్నీ జాన్ మోర్తియే అనే కార్యదర్శి పేర రాసిచ్చాడు. ఆమె సన్యాసిని కాదు, ఏ మఠాధిపతికీ లోబడ్డ మనిషి కాదు. బతికున్నంతకాలం ఏదీ అచ్చు వేయించనని మాట, నిలబెట్టుకున్నాడు. చచ్చిన తర్వాత సంగతి ఆ మాటలో లేదు. విధేయత పత్రాలు రాసే గుమాస్తాలందరికీ మనవి: ఇకముందు ఆ గడి కూడా ఒకటి పెట్టండి.

1955 ఏప్రిల్ 10, ఈస్టరు ఆదివారం. ఒక స్నేహితురాలి ఇంట్లో సాయంత్రం టీ వేళ కుప్పకూలి చనిపోయాడు. అంత్యక్రియలకు వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హడ్సన్ నది ఒడ్డున యేసుసభ నవశిష్యుల మఠం పెరట్లో పూడ్చారు. అందరి రాళ్లలాంటి రాయి, పేరు, తేదీలు. తర్వాత మఠానికి శిష్యులు కరువై, 1970లో ఆ ఆవరణ మొత్తం అమ్ముకున్నారు. కొన్నది అమెరికా వంటల కళాశాల, కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా. పొట్టిగా సీఐఏ. చైనా, న్యూయార్కు అయ్యాక ఆయనకు పడ్డ చివరి బదిలీ ఇది. ఇవాళ ఆ ఫాదరుగారికి పువ్వులు పెట్టాలంటే చేపల పులుసులూ కేకులూ నేర్చుకునే పిల్లల మధ్యనుంచి నడిచి వెళ్లాలి. యేసుసభ అమ్మిన స్థలంలో ఆయన్ను కదపకుండా ఉంచినవాళ్లు వంటవాళ్లు.

ఆయన పోయిన ఏడాదే పుస్తకం పారిస్‌లో అచ్చయింది. జనం విరగబడి కొన్నారు. పదిహేనేళ్లు దాచిన సరుకంటే ఎవరికి మోజుండదు? రోము 1957లో ఉత్తర్వు వేసింది: గురువిద్యాలయాల గ్రంథాలయాల్లోంచి తీసేయండి, కాథలిక్ పుస్తకాల షాపుల్లో అమ్మకండి, అనువాదం చేయకండి. అమ్మకాలు ఇంకా పెరిగాయి. 1962 జూన్ 30న మరో హెచ్చరిక: ఈ రచనల్లో సందిగ్ధాలూ తీవ్రమైన దోషాలూ ఉన్నాయి కనుక పీఠాధిపతులూ రెక్టర్లూ ముఖ్యంగా యువకుల మనసులను కాపాడాలి. ఆ దోషాలు ఏమిటో, ఏ పేజీలో ఉన్నాయో చెప్పలేదు. చెబితే చర్చ మొదలవుతుంది కదా.

అసలు నేరం నా దృష్టిలో ఇక్కడుంది. నిజాన్ని తొక్కిపెట్టారని అందరూ అంటారు. తొక్కిపెట్టింది నిజాన్ని మాత్రమే కాదు, ఆయన తప్పులను దిద్దుకునే అవకాశాన్ని కూడా. ఆ పుస్తకంలో గొప్ప చూపు ఉంది, దానితోపాటు పొగమంచూ ఉంది. కవిత్వం ఎక్కడ ఆగి లెక్క ఎక్కడ మొదలవుతుందో తెలియదు. 1961లో నోబెల్ జీవశాస్త్రజ్ఞుడు పీటర్ మెడావర్ ఆ పుస్తకాన్ని ఉతికి ఆరేశాడు. కొంత దురుసు, కొంత న్యాయం. ఆ ఉతుకుడు 1940లో పడి ఉంటే తెయార్ జవాబిచ్చేవాడు, కొన్ని ఒప్పుకునేవాడు, పుస్తకం బాగుపడేది. 1946లో అణుబాంబు మీద ఆయన రాసిన వ్యాసం ఉంది. హిరోషిమా చితిమంట ఆరకముందే మనిషి సాధించిన శక్తికి మురిసిపోయాడు. మేలుజాతి మనుషులను పెంచే యూజెనిక్స్ మాటలూ ఆయన రాతల్లో అక్కడక్కడా తగులుతాయి. ఎదురుగా నిలబడి, "ఫాదర్, ఇదేం మాట?" అని నిలదీసే బహిరంగ వేదిక ఆయనకు దొరకనీయలేదు. సైక్లోస్టైల్ కాగితాలు చేతులు మారాయి. చదివినవాళ్లంతా భక్తులు. భక్తులు తప్పులు పట్టరు. నిషేధించి రోము ఆయన్ను చిన్నవాణ్ణి చేయలేదు, విమర్శకు అందని ఋషిని చేసి కూర్చోబెట్టింది.

సైన్సువాళ్లేం పవిత్రులు కాదు. ఇంగ్లండులో పిల్ట్‌డౌన్ అనే చోట దొరికిందన్న పుర్రెకు నలభై ఏళ్లు దండాలు పెట్టారు. అక్కడ 1913లో కోరపన్ను దొరికింది కూడా కుర్ర తెయార్ చేతికే. 1953లో ఎముకను పరీక్షించి చూస్తే మనిషి పుర్రెకు కోతి దవడ అతికించి రంగేసిన దొంగ సరుకని తేలింది. సిగ్గుపోయింది. అయినా ఆ సంగతి వాళ్లే తేల్చి, వాళ్లే అచ్చేసి, వాళ్లే మ్యూజియంలో పేరు మార్చారు. రోములో అలా జరగదు. అక్కడ తప్పు ఒప్పుకోరు, తప్పు చేసినవాళ్లు పెద్దవయసులో పోయేదాకా ఓపిక పడతారు.

ఆ రోజుల్లో ఈ బదిలీ తెయార్ ఒక్కడికే పడలేదు. ఈవ్ కొంగార్ అనే డొమినికన్ పండితుడున్నాడు. యుద్ధఖైదీగా నాజీల కోల్డిట్జ్ కోటలో మగ్గి బయటపడ్డవాడు. 1954లో ఆయన్ను పారిస్ పక్కనుంచి పీకి యెరూషలేముకూ, తర్వాత కేంబ్రిడ్జికీ పంపారు. ఆయన రోములో ఈ హెచ్చరికలు జారీ చేసే పవిత్ర కార్యాలయం గోడ మీద మూత్రం పోసొచ్చినట్టు తన డైరీలో రాసుకున్నాడు. ఆ కార్యాలయం చరిత్రలో నేరుగా గడప దాకా చేరిన అభ్యంతర పత్రం బహుశా అదొక్కటే. తర్వాత అదే కొంగార్‌ను రెండో వాటికన్ మహాసభకు పండితుడిగా పిలిచి పత్రాలు రాయించుకున్నారు, 1994లో తొంభై ఏళ్ల వయసులో కార్డినల్‌ను చేశారు. తెయార్ తరఫున పుస్తకం రాసిన ద లూబాక్ కూడా 1950లో పాఠాలు ఆపించినవాడే, 1983లో కార్డినలయ్యాడు. నోరు నొక్కిన చేత్తోనే ఎర్ర టోపీ పెట్టారు.

తెయార్‌కు టోపీ పెట్టడానికి తల లేదు కనుక పొగడ్తలతో సరిపెట్టారు. చచ్చినవాడి కళ్లు చారెడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. 1981లో ఆయన శతజయంతికి వాటికన్ ప్రధాన కార్యదర్శి కార్డినల్ కాసరోలి పోపుగారి తరఫున ఘనంగా మెచ్చుకుంటూ లేఖ రాశారు. ఎవరికి? పారిస్ కాథలిక్ విద్యాపీఠానికి, అంటే ఆయన్ను పీకేసిన చోటికే. జనం సంతోషపడేలోగా, జూలైలో వాటికన్ పత్రికా విభాగం వివరణ ఇచ్చింది: ఆ లేఖ వల్ల పాత హెచ్చరిక సవరించినట్టు కాదు. ఆ ఏడాది చివర ఆ హెచ్చరికల కార్యాలయానికి అధిపతిగా కార్డినల్ రాట్జింగర్ వచ్చారు, 2005 దాకా ఉన్నారు. హెచ్చరిక అలాగే ఉంది. ఆయనే పదహారో బెనెడిక్ట్ పోపుగా మారి, 2009లో ఆవోస్తాలో మాట్లాడుతూ, విశ్వమంతా సజీవ నైవేద్యంగా మారాలన్న తెయార్ గొప్ప దర్శనాన్ని తలచుకుని మెచ్చుకున్నారు. కుర్చీ మారితే చూపు ఎంత విశాలమవుతుందో! 2015లో ఫ్రాన్సిస్ పోపుగారి పర్యావరణ లేఖలో తెయార్ పేరు చోటు చేసుకుంది. అసలు పాఠంలో కాదు, అడుగున, 53వ పాదసూచికలో. 2017లో వాటికన్ సంస్కృతి మండలి సభ్యులు ఆ 1962 హెచ్చరికను ఇక ఎత్తివేయొచ్చేమో చూడమని పోపుగారికి విన్నవించుకున్నారు. ఎత్తివేసినట్టు ప్రకటన రాలేదు.

2023 సెప్టెంబరులో ఫ్రాన్సిస్ పోపుగారు మంగోలియా వెళ్లారు. ఉలాన్‌బాతర్‌లో దివ్యబలిపూజ ముగిస్తూ, సరిగ్గా నూరేళ్ల కింద అక్కడికి ఎంతో దూరం కాని ఆర్డోస్ ఎడారిలో, రొట్టె లేక, ద్రాక్షరసం లేక, పీఠం లేక, భూమి మొత్తాన్నీ పీఠం చేసుకుని తెయార్ చేసిన ప్రార్థనను గుర్తుచేశారు. తరచూ అపార్థానికి గురైన గురువు అని కూడా అన్నారు. అపార్థం చేసుకున్నదెవరో మాత్రం చెప్పలేదు. ఆ పూజ ప్రపంచమంతా టీవీల్లో ప్రసారమైంది, మన దేశంలో గురువిద్యాలయాల పిల్లలు కూడా చూసే ఉంటారు. ఈ రచయిత ప్రమాదం నుంచి యువకుల మనసులను కాపాడమని రెక్టర్లకు 1962లో ఇచ్చిన ఆదేశం ఇంకా పుస్తకాల్లో ఉంది కదా. నిబంధన ప్రకారమైతే పోపుగారి నోట ఆ పేరు రాగానే రెక్టరుగారు లేచి టీవీ కట్టెయ్యాలి.